‘వస్తా’ అంటే వెళ్తున్నానని

వైకల్యం ఉన్న పిల్లలకు పదహారేళ్లు దాటాక థెరపీలు ఒక్కొక్కటే ఆగిపోతాయి. స్పీచ్‌కి వెళ్లినన్నాళ్లు వెళ్తారు, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ అయిందనిపిస్తారు, ఓపెన్ స్కూల్లోనో మరోచోటో టెన్త్ గట్టెక్కుతారు. అప్పుడు ఆ పిల్లాడి ఫోన్ తీసి కాంటాక్టులు చూడండి. అమ్మ, నాన్న, అమ్మమ్మ, వ్యాన్ డ్రైవరు. తన ఈడువాళ్ల నంబరు ఒక్కటీ కనబడదు. నలుగురితో మెలగడం నేర్పే సోషల్ స్కిల్స్ గ్రూపులు పెట్టేది ఈ ఖాళీ కోసమే. హైదరాబాద్‌లో అలాంటి గ్రూపులు నడిపిన అనుభవంతో ఏది పనిచేసింది, ఏది బెడిసికొట్టింది, ఎందుకు అన్నది ఇక్కడ రాస్తున్నాను. పిల్లల వివరాలు, చోట్ల పేర్లు కావాలనే వదిలేశాను.

మొదట్లో మేం చేసిందీ అందరూ చేసేదే. ఆటిజం, మేధో వైకల్యం, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆరుగుర్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ‘నమస్కారం, నా పేరు ఫలానా, మీ పేరేమిటండీ?’ అని చెప్పించడం. ఎనిమిది వారాల్లో అందరూ చక్కగా అప్పజెప్పారు. లిఫ్టులో పక్కింటి కుర్రాడు కనబడితే మాత్రం నోరు పెగల్లేదు. పెగిలినా వచ్చేది ఆ అప్పజెప్పిన వాక్యమే. పదిహేడేళ్లవాడు ఇంకో పదిహేడేళ్లవాణ్ని ‘మీ పేరేమిటండీ’ అంటే అవతలివాడు నవ్వక ఏం చేస్తాడు? ఆ గదిలో వాళ్లు విని పట్టుకోవడానికి మామూలుగా మాట్లాడే ఈడువాళ్లు ఒక్కరూ లేరు. అక్కణ్నుంచే మేం కలగలుపు బ్యాచ్‌లకు మారాం.

ఒక బ్యాచ్‌కి పదిమంది. వైకల్యం ఉన్నవాళ్లు అయిదుగురు, లేనివాళ్లు అయిదుగురు. ఈ లెక్క మా సొంతం కాదు. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఆటలు నడిపే స్పెషల్ ఒలింపిక్స్‌వాళ్ల యూనిఫైడ్ ఆటల్లో మేధో వైకల్యం ఉన్న ఆటగాళ్లు, లేని ఆటగాళ్లు ఒకే జట్టుగా ఆడతారు. బాస్కెట్‌బాల్‌లో కోర్టు మీద వైకల్యం ఉన్నవాళ్లు ముగ్గురు, లేనివాళ్లు ఇద్దరు ఉంటారు. సాయం చేయడానికని అక్కడ ఎవరూ దిగరు, ఆడటానికే దిగుతారు. మేం తీసుకున్నది ఆ కిటుకే.

అందుకే వైకల్యం లేని అయిదుగుర్ని వాలంటీర్లని పిలవకూడదు. పిలిచి చూశాం. కాలేజీ నుంచి సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్లు మూడు వారాలు వచ్చి, ఇంటర్నల్స్ అనగానే మాయమయ్యారు. ఉన్న మూడు వారాలూ ‘గుడ్ బాయ్, సూపర్’ అంటూ ఇరవయ్యేళ్ల మనిషి బుగ్గ గిల్లారు. ఇప్పుడు సర్టిఫికెట్ ఇవ్వం. వారానికి యాభై రూపాయల చందా పదిమందీ ఇస్తారు, గది ఊడ్చే వంతు పదిమందికీ వస్తుంది. ‘నాకేం లాభం?’ అని అడిగిన కుర్రాణ్ని నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ‘పాపం వాళ్లకి సేవ చేద్దామని’ అన్నవాళ్లతోనే జాగ్రత్త. ఇక తోబుట్టువులు: ఎవరి అన్నయ్యనో అక్కనో అదే బ్యాచ్‌లో వేయొద్దు. ఇంట్లో చేసే కాపలాయే ఇక్కడా చేస్తారు.

వయసులు కలపకండి. 13 నుంచి 17 ఒక బ్యాచ్, 18 నుంచి 25 ఇంకొకటి. ‘మా అబ్బాయికి ఇరవై రెండు, కానీ బుద్ధి పదేళ్లదే, చిన్నవాళ్లతో వేయండి’ అని చాలామంది తల్లులు బతిమాలతారు. ఒప్పుకోకూడదు. ఒంటికి ఇరవై రెండేళ్లొచ్చాయి, ఇష్టాయిష్టాలూ ఆ వయసువే. పైగా పద్దెనిమిది లోపువాళ్లందరికీ లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. పెద్దవాళ్లనీ మైనర్లనీ ఒక బ్యాచ్‌లో వేసి తర్వాత తలపట్టుకోవడం ఎందుకు?

చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో నలభై నిమిషాలు మాట్లాడతాం. ప్రశ్నలు నాలుగే: ఏమంటే ఇష్టం, ఏది మితిమీరితే తట్టుకోలేవు, వద్దనాలంటే ఎలా చెప్తావు, సాయం కావాలంటే ఎలా అడుగుతావు. పదిమందినీ ఇవే అడుగుతాం. వైకల్యం లేనివాళ్లు మూడో ప్రశ్న దగ్గర ఎక్కువ తడబడతారు, అదీ చూడదగ్గదే. మాట లేనివాళ్ల ముందు బొమ్మల బోర్డో ట్యాబో పెట్టి, ఎంత సేపైనా ఆగాలి. తల్లి జవాబు అందుకోబోతుంది. మేం కాగితం పెన్ను ఇచ్చి, ‘మీ జవాబులు ఇందులో రాయండమ్మా, తర్వాత పోల్చి చూద్దాం’ అంటాం. రెండు జవాబులూ కలవనిచోటే అసలు సమాచారం దొరుకుతుంది.

కాలం సంగతి. పన్నెండు వారాలు, వారానికి తొంభై నిమిషాలు. జూలై మొదట్లో మొదలుపెడితే దసరా సెలవుల లోపు అయిపోతుంది. నవంబరులో పెడితే మధ్యలో సంక్రాంతి వచ్చి సగంమంది ఊళ్లకు పోతారు, ఆపైన ఇంటర్ ప్రాక్టికల్స్. ఆదివారం వద్దు, శనివారం సాయంత్రం నాలుగు మేలు. ఆషాఢంలో ఆదివారం అంటే బోనాలు. వీధిలో డప్పు మొదలైతే చెవులు సున్నితమైనవాళ్లకు ఆ పూట అయిపోయినట్టే. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా డీజేల బాధ ఎటూ తప్పదు కాబట్టి ఆ పది రోజుల్లో పడే సెషన్‌ని బయటి ప్రయాణంగా మార్చేస్తాం.

గది కింది అంతస్తులో ఉండాలి. గుమ్మం దగ్గర ఒక అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండడుగుల పొడవుండాలి. రెండడుగుల చెక్క వాల్చి ర్యాంపు అంటే చక్రాల కుర్చీ ఎక్కదు సరికదా, ఎక్కించబోయినవాడి నడుం పోతుంది. మినుకుమనే ట్యూబులైటు, కిర్రుమనే ఫ్యాను ముందే బాగుచేయించాలి. మనకు వినబడని ఆ చప్పుడుకి అరగంటలో చెవులు మూసుకునేవాళ్లుంటారు. మూల ఒక చాప, దిండు, కర్టెను. ఎవరైనా, ఎప్పుడైనా, చెప్పకుండా వెళ్లి కూర్చోవచ్చు, మేం లేపం. ఈ మూలని ఒక్కసారి శిక్షగా వాడారో, ‘వెళ్లి అక్కడ కూర్చో’ అన్నారో, ఇక బ్యాచ్ ముగిసేదాకా ఎవరూ అటు పోరు.

తొంభై నిమిషాల్లో గుండ్రంగా కూర్చుని పరిచయాలు లేవు. రాగానే చేతికి పని. పల్లీలు వలవడం దీనికి బాగా పనిచేస్తుంది: చూపులు పళ్లెం మీదుంటాయి, ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు, మాట వస్తే వస్తుంది, లేకపోతే పల్లీలు వలుస్తున్నాం కదా. పది నిమిషాలు అలా. తర్వాత యాభై నిమిషాలు కలిసి చేసే పని ఒకటి. ఆ పైన పదిహేను నిమిషాలు తిండి, మిగిలిన పదిహేనూ వచ్చే వారం ఏం చేయాలన్న మాటలు, ఊడ్చడం.

ఆ ‘కలిసి చేసే పని’ని అల్లడంలోనే నిర్వాహకుల పనితనం ఉంది. ముంత మసాలా తీసుకోండి. పదిమందికి మరమరాలు 400 గ్రాములు, పల్లీలు 200 గ్రాములు, ఉల్లిపాయలు నాలుగు, టమాటాలు మూడు, నిమ్మకాయలు మూడు, కొత్తిమీర ఒక కట్ట, కారం, ఉప్పు. వీటిని అందరి ముందూ పోస్తే చురుకైనవాళ్లిద్దరు ఆరు నిమిషాల్లో కలిపేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. అందుకని విడదీస్తాం. కత్తి ఒకరి దగ్గర, ఉల్లిపాయలు ఇంకొకరి దగ్గర. నిమ్మకాయ పిండేది ఒకటే, అది గదికి ఆ చివర. కారం డబ్బా ఉన్నవాడు ఎవరడిగినా ‘ఎంత?’ అని తిరిగి అడగాలి. ఒక్కరూ ఇంకొకర్ని అడక్కుండా పని ముందుకు పోదు. ‘సహాయం అడగడం’ అనే పాఠం చెప్పకుండానే అరగంటలో పదిహేను ఇరవైసార్లు అడగడం జరిగిపోతుంది. ఇక్కడ జరిగే పొరపాటల్లా నిర్వాహకులు తొందరపడి నిమ్మకాయ అందించేయడం. మా చేతులు వెనక కట్టుకుని నిలబడాలన్నది నియమం, నిజంగానే కట్టుకుంటాం.

ఇక భాష. ఇది మన దగ్గరే తెగ వేధించే చిక్కు. థెరపీ ఎక్కువమందికి ఇంగ్లిష్‌లో నడుస్తుంది, కార్టూన్లూ ఇంగ్లిష్‌వే, వీధి మాత్రం తెలుగు. దానికి తోడు తెలుగు మర్యాదల్లో సగం మాటలు ఒకటి అని ఇంకొకటి చెప్పేవే. వెళ్లేటప్పుడు ‘వెళ్తా’ అనం, అశుభం కాబట్టి ‘వస్తా’ అంటాం. మాటని ఉన్నదున్నట్టు పట్టుకునే కుర్రాడు, ‘వస్తా’ అని వెళ్లిన స్నేహితుడి కోసం గుమ్మం దగ్గరే నిలబడిపోతాడు. పది నిమిషాలయ్యాక కోపం తెచ్చుకుంటాడు, అవతలివాడు అబద్ధమాడాడు కదా మరి. ‘తిన్నావా?’ అంటే పలకరింపు, పొద్దున ఏమేం తిన్నాడో జాబితా చెప్పక్కర్లేదు. ‘చూద్దాంలే’ అంటే దాదాపుగా ‘లేదు’ అని. ‘ఓసారి ఇంటికి రా’ అంటే రేపే రమ్మని కాదు.

వీటికి మేం చీటీలు వాడతాం. ఒకవైపు మాట, వెనకవైపు అసలు అర్థం. ‘వస్తా’ వెనక ‘వెళ్తున్నాను, ఈరోజు తిరిగి రాను’. నలభై దాకా చీటీలయ్యాయి. అందులో సగం వైకల్యం లేని సభ్యులు రాసినవే. రాస్తున్నప్పుడు, తాము రోజూ ఎంత డొంకతిరుగుడుగా మాట్లాడతారో వాళ్లకి మొదటిసారి తెలుస్తుంది. ఆ తర్వాత గ్రూపులో ఒక ఒప్పందం పెడతాం: ఇక్కడ కుదరదంటే ‘కుదరదు’ అనే చెప్పాలి. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో ‘డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్’ అని ఒక మాట తెచ్చాడు. ఆటిజం ఉన్నవాళ్లకు ఇతరులు అర్థం కానట్టే, ఇతరులకూ వాళ్లు అర్థం కారు, తప్పు ఒకవైపే వేయకండి అని దాని సారం. చీటీల ఆట ఆడుతున్నప్పుడు అది కళ్లకు కడుతుంది.

నువ్వు, మీరు, అన్నా, అంకుల్ తేడా ఇంకా కష్టం. ఆటో నడిపే మనిషిని ‘అన్నా’ అనమంటే, ‘ఆయన నాకు అన్న కాదు’ అంటారు. న్యాయమే. మేం మూడు వలయాలు గీస్తాం: లోపల ‘నువ్వు’వాళ్లు, మధ్యలో ‘అన్నా, అక్కా’వాళ్లు, బయట ‘మీరు, సర్, మేడమ్’వాళ్లు. ఎవర్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోతే బయటి వలయమే. మీరు అన్నందుకు ఎవరూ కొట్టరు, నువ్వు అంటే కొట్టే అవకాశం ఉంది. కళ్లలోకి చూడమని మాత్రం బలవంతపెట్టం. పెద్దవాళ్ల ముందు తల వంచుకునే పిల్లల్ని మెచ్చుకునే ఊళ్లలో పాశ్చాత్య పుస్తకాల్లోని ఆ నియమాన్ని తెచ్చి ఈ పిల్లల మీదే ఎందుకు రుద్దాలి? అవతలివైపు తిరిగి ఉంటే చాలు.

పాశ్చాత్యుల నుంచి తీసుకున్నవీ ఉన్నాయి. అమెరికాలో యూసీఎల్ఏ అనే విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ లాజెసన్ బృందం తయారుచేసిన ‘పీర్స్’ పద్ధతిలో తొంభై నిమిషాల సెషన్లు 14 నుంచి 16 వారాలు నడుస్తాయి. తల్లిదండ్రులకో, తోడుండే పెద్దలకో అదే సమయంలో పక్క గదిలో వేరే క్లాసు. ఇంటిపనిగా సభ్యులు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. ఆ పక్క గదీ, ఫోనూ రెండూ ఉంచుకున్నాం.

ఫోన్ ఇంటిపని ఇలా ఉంటుంది. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య జంటలో (వైకల్యం ఉన్నవాళ్లొకరు, లేనివాళ్లొకరు) ఒకరు రెండోవాళ్లకి చేయాలి, అయిదు నిమిషాలు మించక్కర్లేదు. మాట లేనివాళ్లు వాయిస్ మెసేజ్ వినొచ్చు, బొమ్మలతో జవాబివ్వొచ్చు. వాట్సాప్ గ్రూపుకి నియమాలు మూడు: జవాబు రాకపోతే రెండో మెసేజ్‌తో ఆపాలి, రాత్రి తొమ్మిది తర్వాత పెట్టకూడదు, ఎవరైనా డబ్బో ఓటీపీయో అడిగితే ఆ స్క్రీన్ ఇంట్లో పెద్దవాళ్లకి చూపించాలి. మొదటి నియమం లేని బ్యాచ్‌లో ఒకరికి ఒక్క రాత్రి ఎనభై ‘హాయ్’లు వెళ్లాయి. పంపినవాడిది ఆత్రం, అందుకున్నవాళ్లది భయం. ‘విసిగించకు’ అని చెప్పడం వల్ల ఏమీ కాదు, విసిగించడమంటే ఎన్నో అంకె చెప్పాలి. రెండు.

నాలుగో వారం నుంచి వారం విడిచి వారం బయటికి. మొదటి మజిలీ టిఫిన్ సెంటర్. కౌంటర్‌లో డబ్బు కట్టి టోకెన్ తీసుకుని, దోశల దగ్గర ఇచ్చి, ప్లేటు అందుకుని, నిలబడి తినే చోటు. నిర్వాహకుల్లో ఒకరు రెండు రోజుల ముందు అదే టైముకి వెళ్లి ఫొటోలు తీస్తారు: కౌంటరు, టోకెను, చేతులు కడుక్కునే చోటు, రద్దీ. శనివారం సాయంత్రం నాలుగున్నరకి ఖాళీగా ఉంటుంది, అయిదున్నరకి కాలు పెట్టలేం. ఒక్కొక్కరి దగ్గర వంద నోటు, జంటలుగా వరస.

అక్కడ జరిగేది దగ్గర్నుంచి చూడండి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతో కండరాల మీద పట్టు తగ్గే వైకల్యం) ఉన్న అమ్మాయి కౌంటర్ ముందుకొస్తుంది. మాట మెల్లగా వస్తుంది. కౌంటర్ మనిషి ఆమెని దాటి పక్కనున్న జంట అమ్మాయిని అడుగుతాడు: ‘ఈ పాపకేం కావాలి?’ పాపకి పంతొమ్మిదేళ్లు. ఇక్కడ జంట అమ్మాయి చేయాల్సినదాన్ని గదిలో ముందే పదిసార్లు ఆడించి ఉంచాం: కౌంటర్ మనిషి వైపు చూడకూడదు, తన స్నేహితురాలి వైపు తిరగాలి, మనసులో పది లెక్కపెట్టాలి, నోరు తెరవకూడదు. చూపు ఎటు పోతే అవతలివాడి చూపూ అటే పోతుంది. ఏడో అంకెకి ‘మసాలా దోశ’ బయటికొస్తుంది. వెనక వరసలో ఎవరో ‘తొందరగా కానీయండమ్మా’ అంటారు. వంద నోటు చూసి కౌంటర్ మనిషి ‘చిల్లర లేదా?’ అంటాడు. చిల్లర లేదన్న చిక్కుని ముందే ఆడించని బ్యాచ్‌లో ఒకరు నోటు అక్కడే వదిలేసి వచ్చేశారు. ఇప్పుడు ‘ఫోన్‌పే చేయనా?’ అన్నది కూడా చీటీల్లో చేరింది. ఆ ఖాతాలో అయిదు వందలకు మించి ఉంచవద్దని ఇంట్లోవాళ్లకి చెప్తాం.

మెట్రోకి వెళ్తే ముందే చెప్పాల్సింది ఒకటే: లోపలికి పోయే ముందు సెక్యూరిటీవాళ్లు ఒళ్లు తడిమి చూస్తారు. చెప్పకపోతే కొందరికి ప్రయాణం అక్కడే ముగుస్తుంది. లిఫ్టులున్నాయి కాబట్టి చక్రాల కుర్చీకి బస్సుకంటే ఇదే నయం.

పెద్దవాళ్ల బ్యాచ్‌లో ఎనిమిదో వారానికి ప్రేమ సంగతి వస్తుంది. రాకపోతే ఎక్కడో దాస్తున్నారని అర్థం. ఇళ్లలో దీనికి ఒక అడ్డదారి ఉంది: అబ్బాయిలందరికీ రాఖీ కట్టించి ‘అన్నయ్యా’ అని పిలిపించడం. దాంతో పిల్ల ఏం నేర్చుకుంటుంది? అన్నయ్య అని పిలిస్తే చాలు, ఎవరు ముట్టుకున్నా ఫరవాలేదని. మేం శరీర భాగాల పేర్లు తెలుగులో తిన్నగా చెప్తాం, ముద్దుపేర్లు వాడం. పోలీసుల దగ్గరో డాక్టరు దగ్గరో చెప్పాల్సివస్తే ‘అక్కడ’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ముట్టుకునే ముందు అడగాలి, ‘వద్దు’ అంటే ఆగాలి, జవాబు రాకపోయినా ఆగాలి. ఆ మూడోదే అబ్బాయిలకి, వైకల్యం ఉన్నా లేకున్నా, ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తుంది. నిర్వాహకులకీ నియమముంది: ఒక్క పెద్దమనిషి, ఒక్క సభ్యుడు తలుపేసిన గదిలో ఉండరాదు. మైనర్ మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో చట్టమే అంటుంది, ‘ఇంటి పరువు’ అని అమ్మానాన్నలు వద్దన్నా సరే. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 గోడ మీద రాసే ఉంటుంది.

పక్క గదిలో తల్లిదండ్రులు. వాళ్లతో పని చిన్నది కాదు. మొదటి నాలుగు వారాలూ యూడీఐడీ కార్డు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు), పెన్షన్, పద్దెనిమిది దాటాక నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ (చట్టపరమైన సంరక్షకుల నియామకం), ఇవే అడుగుతారు. ఆ బెంగ తీరితేగాని పిల్లల స్నేహం మీదికి మనసు రాదు, కాబట్టి మొదటి వారమే ఆ కాగితాల సంగతి తేల్చేస్తాం. తర్వాత వాళ్లకిచ్చే ఇంటిపని ఒకటే: వారంలో మూడుసార్లు, ఎవరైనా మీ అబ్బాయిని ఏదైనా అడిగితే జవాబు మీరు చెప్పకండి. చుట్టాలొచ్చినప్పుడు ఇది ఎంత కష్టమో వాళ్లే తిరిగొచ్చి చెప్తారు.

ఎంత మేలు జరిగిందో చూడటానికి మార్కుల పట్టీలు మానేశాం. ఒక నోట్‌బుక్‌లో మూడు అంకెలు రాస్తాం: పెద్దవాళ్లు గుర్తుచేయకుండా ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఆ ఫోన్లలో వైకల్యం లేనివాళ్లు మొదలుపెట్టినవెన్ని, సెషన్‌లో మేం ఎన్నిసార్లు నోరు తెరిచాం. మూడో అంకె వారం వారం తగ్గాలి. రెండోది ఆరో వారానికీ సున్నా దగ్గరుంటే జంటలు మార్చాలి. ఇష్టాలు కలవని జంట ఎంత మంచివాళ్లదైనా నిలవదు. క్రికెట్ స్కోర్లు కంఠతా చెప్పేవాడికి క్రికెట్ పిచ్చివాణ్నే జత చేయాలి.

పన్నెండో వారం వీడ్కోలు ఫంక్షన్లు, మెమెంటోలు ఉండవు. గది తాళంచెవి సభ్యుల్లో ఒకరికి ఇచ్చేస్తాం. పదమూడో వారం మేం మెసేజ్ పెట్టం. బుధవారం దాకా గ్రూపు నిశ్శబ్దంగానే ఉంటుంది, ఒక్కోసారి గురువారం కూడా. చేయి దురద పెడుతుంది, అయినా పెట్టం. ఒక బ్యాచ్‌లో శుక్రవారం రాత్రి ఎనిమిదీ యాభైకి వచ్చింది, నియమం ప్రకారం తొమ్మిదికి పది నిమిషాల ముందు: ‘రేపు నాలుక్కి. మరమరాలు నేను తెస్తా. తెస్తా అంటే తెస్తానే.’